గట్టిమేళం... ఎంత గట్టి?

పెళ్లి ఊరేగింపు బయల్దేరితే వీధి వీధంతా అదురుతుంది. ‘అబ్బ, ఏం మోతరా బాబూ’ అని కొందరు చెవులు మూసుకుంటారు. ‘బ్యాండంటే అదీ’ అని ఇంకొందరు మురిసిపోతారు. మరి ఆ మోత ఎంతో లెక్కగట్టి చెప్పగలమా? చెప్పొచ్చు. కానీ కొలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎంతసేపు నిలబడ్డాడు అన్నదాన్నిబట్టి ఆ లెక్క మారిపోతుంది. ఆ లెక్కలో అందరూ మర్చిపోయే చెవులు కూడా కొన్ని ఉన్నాయి.

‘గట్టిమేళం... గట్టిమేళం...’

పురోహితుడు చెయ్యెత్తి ఆ మాట అనగానే డోలు మీద దెబ్బలు జోరందుకుంటాయి. సన్నాయి పై స్థాయికి వెళ్లిపోతుంది. తాళి కట్టే ఆ నిమిషంలో పక్కనున్న మనిషి ఏమన్నా వినబడదు. అసలు గట్టిమేళం ఉన్నదే అందుకు. ఆ శుభఘడియలో ఎవరైనా తుమ్మినా, పిల్లాడు ఏడ్చినా, ఎవరి నోటినుంచైనా అశుభం మాట వచ్చినా వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటది. ఒక పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని మింగేస్తుందన్న సంగతి శబ్దశాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కకముందే మన పెళ్లిపందిట్లోకి ఎక్కింది.

అంటే మన దగ్గర మోత దండగ ఖర్చు కాదు. దానికో పని ఉంది. ఆ పని ఒక్క నిమిషంలో అయిపోయేది. ఇప్పుడది గంటలకు పాకింది. చిక్కంతా అక్కడే.

దండు నుంచి పెళ్లిపందిరికి

కృష్ణా డెల్టాలో దిగువన ఘంటసాల మండలంలో ఉంది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ రాయమని చెప్పింది ఇక్కడేనని ప్రతీతి. ఆ గుడికి ఒకవైపు మొవ్వ, కూచిపూడి. ఇంకోవైపు చల్లపల్లి, అది దాటితే అవనిగడ్డ, దివిసీమ. తూర్పున బందరు. ఈ చుట్టుపక్కల ఆట, పాట, మేళం లేని ఊరు చెప్పడం కష్టం.

కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగులో రాత్రంతా ఆరుబయట ఆడేవారు. మైకుల్లేవు. మద్దెల, తాళాలు, గొంతు... అంతే. దూరంగా కూర్చున్నవాళ్లకు వినబడాలంటే గాయకుడి ఊపిరే ఆధారం. గుళ్లో స్వామి సేవకు సన్నాయి, డోలు. జాతరకు డప్పులు. దసరాకు బందరులో శక్తి పటాల ఊరేగింపు వస్తే వాటి ముందు డప్పుల దరువే దరువు.

ఇత్తడి వాయిద్యాలు మాత్రం మనవి కావు. తెల్లవాళ్ల పటాలాలతో మన దేశంలోకి వచ్చాయి. ఇంగ్లిషువాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు కానీ, ట్రంపెట్లూ బాకాలతో కూడిన దండు బ్యాండ్లు దేశమంతా పరుచుకున్నది ఆ తర్వాతెప్పుడో. తొలుత దండులో, తర్వాత సంస్థానాధీశుల కొలువుల్లో, చివరికి పెళ్లి ఊరేగింపుల్లో స్థిరపడ్డాయి. ఎర్రకోటు, బంగారు రంగు జలతారు, భుజాల మీద కుచ్చులు... ఆ దుస్తుల్లో ఇప్పటికీ పటాలం ఆనవాలు కనిపిస్తుంది.

యుద్ధభూమిలో ఇత్తడి బాకా ఊదింది ఎందుకు? గుర్రాల డెక్కల చప్పుడునీ తుపాకుల మోతనీ దాటుకుని సైనికుడికి వినబడాలి కాబట్టి. అంత దూరం పోవడానికి పుట్టిన వాయిద్యం ఇరవై అడుగుల వీధిలో ఊదితే ఏమవుతుంది?

ఇద్దరు కలిస్తే రెట్టింపు కాదు!

శబ్దాన్ని కొలిచే ప్రమాణం డెసిబెల్. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు మీద 1920ల్లో అమెరికా టెలిఫోన్ ఇంజినీర్లు దీన్ని ఖాయం చేశారు. బెల్ జీవితంలో చాలాభాగం చెవిటి పిల్లలకు చదువు చెప్పడంలోనే గడిచింది. ఆయన భార్యకి వినబడదు. తల్లికీ సరిగా వినబడేది కాదు. మోతను కొలిచే ప్రమాణానికి ఆయన పేరే రావడం ఓ విచిత్రం.

డెసిబెల్ లెక్క మామూలు కూడికల్లా ఉండదు. కిలో బియ్యానికి కిలో బియ్యం కలిపితే రెండు కిలోలు. కానీ 100 డెసిబెల్స్ ట్రంపెట్‌కి ఇంకో 100 డెసిబెల్స్ ట్రంపెట్ తోడైతే 200 కాదు, 103. నాలుగు ట్రంపెట్లయితే 106. పది ఊదితే 110. వంద ఊదితే 120. శక్తి రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్, పదింతలైన ప్రతిసారీ 10 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతాయి.

ఇక చెవి లెక్క ఇంకొకటి. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితేనే మనకు ‘మోత రెట్టింపయింది’ అనిపిస్తుంది. అంటే ఒక్క ట్రంపెట్ కంటే రెట్టింపు గట్టిగా వినబడాలంటే పది ట్రంపెట్లు కావాలి. పెళ్లివారు పదిమంది మేళానికి బదులు ఇరవైమందిని పిలిస్తే డబ్బు రెట్టింపవుతుంది. మోత పెరిగేది 3 డెసిబెల్స్. జాగ్రత్తగా వింటే తప్ప తేడా తెలియదు. వరసలు నిండుగా ఉండి చూపులకు బాగుంటుంది, అంతే.

దూరానికీ లెక్క ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. కాబట్టి ‘ఆ బ్యాండు 100 డెసిబెల్స్ అండీ’ అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ‘ఎంత దూరంలో?’ అని. ఆ జవాబు లేకపోతే ఆ అంకెకు విలువ లేదు.

అమెరికాలోనూ ఇదే గొడవ

ఈ ‘ఎవరి మోత ఎక్కువ’ అనే వాదం మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలో డ్రమ్ కోర్ అని ఓ సంప్రదాయం ఉంది. మాజీ సైనికుల సంఘాల నుంచి పుట్టిన బ్యాండ్లివి. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పేవాళ్లు... అందరూ కలిసి ఫుట్‌బాల్ మైదానంలో కవాతు చేస్తూ వాయిస్తారు. వీటికి పోటీలు పెట్టే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ తొలి చాంపియన్‌షిప్ 1972లో జరిగింది. 2009 నుంచి ఫైనల్స్‌కి ఇండియానాపోలిస్‌లోని పెద్ద స్టేడియం వేదికైంది. ఒక్కో బృందంలో నూట యాభైమంది దాకా ఉంటారు. అందులో సగానికి సగం ఇత్తడి ఊదేవాళ్లే.

వాళ్లంతా మైదానం మధ్యకొచ్చి ఒక్కసారిగా ప్రేక్షకుల వైపు తిరిగి ఊదుతారు. ఆ క్షణం కోసమే జనం డబ్బిచ్చి కూర్చుంటారు. ‘ఏ సంవత్సరం ఏ బృందం అందరికంటే గట్టిగా ఊదింది’ అన్నది అక్కడి అభిమానులకు ఎప్పటికీ తెగని తగాదా. కొందరు మీటర్లు పట్టుకెళ్తారు. కానీ ఒకరు కింది వరసలో కూర్చుంటారు, ఒకరు పైన నలభయ్యో వరసలో. ఒకరిది ఆరుబయటి మైదానం, ఇంకొకరిది కప్పు వేసిన స్టేడియం. ఒకరు ఒక్క క్షణం తగిలిన గరిష్ఠాన్ని చెబుతారు, ఇంకొకరు పాటంతటి సగటు చెబుతారు. ఇక తగాదా తెగేదెలా?

పైన చెప్పిన లెక్కే అక్కడా వర్తిస్తుంది. 80 మంది ఒకేలా ఊదితే ఒక్కడు ఊదినదానికంటే 19 డెసిబెల్స్ ఎక్కువ. పది మీటర్ల దూరం నుంచి ఎనభై మీటర్ల దూరానికి వెళ్తే 18 డెసిబెల్స్ తక్కువ. అంటే ఎనభైమందిని దూరంగా కూర్చుని వినడం, ఒక్కణ్ని దగ్గరగా నిలబడి వినడం మీటరుకు దాదాపు ఒకటే! మన వీధిలో మేళం పది మీటర్లలో కూడా ఉండదు. గుమ్మం ముందే ఉంటుంది.

మీటరుతో ఊరేగింపు వెంట

శ్రీకాకుళం వీధిలో ఓ పెళ్లి ఊరేగింపు బయల్దేరిందనుకుందాం. నాలుగు ట్రంపెట్లు, రెండు యుఫోనియంలు, రెండు క్లారినెట్లు, రెండు సాక్సోఫోన్లు, నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము. మేళానికి 2 మీటర్ల ఎదురుగా నిలబడి కొలిస్తే 102 డెసిబెల్స్ వచ్చిందనుకుందాం. గట్టిగా ఊదే ఇత్తడి వాయిద్యాల ముందు 100 దాటడం వింతేం కాదు.

అదే మీటరు పట్టుకుని వెనక్కి నడిస్తే లెక్క ఇలా దిగుతుంది. 4 మీటర్ల దగ్గర 96. 8 మీటర్ల దగ్గర 90. 16 మీటర్ల దగ్గర 84. 32 మీటర్ల దగ్గర 78. 64 మీటర్ల దగ్గర 72. ఇది ఆరుబయటి లెక్క. రెండువైపులా డాబాలుండే ఇరుకు వీధిలో గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి కాబట్టి ఇంత త్వరగా తగ్గదు. పొలం గట్టు మీద నుంచి వింటే ఎక్కడో పెళ్లి జరుగుతున్నట్టు హాయిగా వినబడే మేళం, సందులోకి దూరేసరికి కిటికీ తలుపుల్ని గడగడలాడించేది అందుకే.

ఇత్తడికి ఇంకో గుణం ఉంది. మెల్లగా ఊదితే ట్రంపెట్ నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. బలంగా ఊదేకొద్దీ అందులోని పై స్వరాలు పదునెక్కుతాయి. ‘ఖంగు’మనే ఆ మెరుపు అలా వచ్చిందే. పైగా ఆ పదునైన శబ్దం టార్చిలైటు వెలుగులా మూతి ఎటుంటే అటే దూసుకుపోతుంది. ట్రంపెట్ పక్కన నిలబడ్డవాడికి వినబడేది ఒకటి, మూతికి ఎదురుగా నిలబడ్డవాడికి వినబడేది ఇంకొకటి.

ఇప్పుడు మేళం వరస చూడండి. నడిచేటప్పుడు వెనక వరస ట్రంపెట్ల మూతులు ముందు వరసవాళ్ల వీపు మీద ఉంటాయి. కూడలిలో ఆగినప్పుడు అందరూ గుండ్రంగా నిలబడి లోపలికి తిరిగి వాయిస్తారు. ఆ గుండ్రానికి నడిమధ్య పెళ్లికొడుకు స్నేహితులు, వాళ్ల కాళ్ల మధ్య చిన్నపిల్లలు గంతులేస్తుంటారు. మొత్తం ఊరేగింపులో అన్నిటికంటే ఎక్కువ మోత ఉండే చోటు అదే.

మీటరుకి దొరకని ‘దబ్... దబ్’

మీటరు కూడా అన్నీ నిజం చెప్పదు. మనిషి చెవికి అన్ని శ్రుతులూ ఒకేలా వినబడవు. లోతైన గుమ్ గుమ్ శబ్దాలు తక్కువగా, మధ్య శ్రుతులు ఎక్కువగా వినబడతాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని గీతలు గీసి చూపించారు. అందుకే మీటర్లలో చెవి తీరుని అనుకరించే ‘ఎ’ అనే జల్లెడ పెట్టారు. ప్రభుత్వ నిబంధనల్లో కనిపించే అంకెలన్నీ ఈ జల్లెడ పట్టినవే.

ఆ జల్లెడ 63 హెర్ట్జ్ దగ్గరుండే లోతైన శబ్దంలోంచి 26 డెసిబెల్స్ తీసేస్తుంది. డీజే బండి మీది పెద్ద బాక్సులు ఆ శ్రుతిలో 110 డెసిబెల్స్‌తో గుండెల మీద గుద్దుతుంటే ‘ఎ’ మీటరు చూపించేది 84. గుండె దడదడలాడేది నిజం. మీటరు చూపించేదీ ఓ రకంగా నిజమే. ఆ దరువుని పట్టుకోవాలంటే మీటరులో ‘సి’ అనే మరో అమరిక ఉంటుంది, దాని మీద చూడాలి. బ్యాండు మేళం కంటే డీజే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పెడుతుందో, అయినా కాగితం మీద రెండూ ఒకలాగే ఎందుకు కనబడతాయో ఇక్కడ తెలిసిపోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. ఊదేవాడికి అలుపొస్తుంది. పెదాలు వాస్తాయి. రెండు పాటలకోసారి మేళం ఆగి నీళ్లు తాగాల్సిందే. ఆ రెండు నిమిషాలు ఊరి చెవులకూ విశ్రాంతి. జనరేటరుకి అలుపు లేదు.

చట్టం ఏమంటోంది?

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు దేశమంతటా 2000 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు ఉండే నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మొదట లౌడ్‌స్పీకర్ల మీదే ఉన్న రాత్రి ఆంక్షను 2010 సవరణతో వాయిద్యాలకీ వర్తింపజేశారు. రాత్రి 10 దాటాక ఆరుబయట మేళం వాయించకూడదు. తలుపులు మూసిన కల్యాణ మండపంలో లోపలివాళ్లకు వినబడేంత వరకే అనుమతి. పండుగలప్పుడు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. సుప్రీంకోర్టు కూడా 2005 జులై 18న ఇచ్చిన తీర్పులో ఈ రాత్రి గడువును గట్టిగా సమర్థించింది. పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువైతే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు.

ఇక్కడో చిక్కుంది. ఆ 55 అన్నది ఒక్క క్షణం అంకె కాదు, కాలం మీద తీసే సగటు. మేళం మన గుమ్మం ముందు 90 డెసిబెల్స్‌తో 5 నిమిషాలు వాయించి వెళ్లిపోయిందనుకోండి. మిగతా రోజంతా ఊరు నిశ్శబ్దంగా ఉన్నా పగటి 16 గంటల సగటు 67కి చేరుతుంది. అంటే ఒక్క పెళ్లి 5 నిమిషాల్లో రోజంతటి పరిమితిని దాటించేస్తుంది. అక్షరాలా చూస్తే ఏ ఊరేగింపూ కదలకూడదు. అలాగని ఊరేగింపులు ఆగలేదు. ఆగాలని కోరుకునేవాళ్లూ తక్కువే.

నిజానికి ఊళ్లలో రాతలో లేని నిశ్శబ్ద మండలాలు ఎప్పటినుంచో ఉన్నాయి. చావు జరిగిన ఇంటి ముందుకి రాగానే మేళం ఆపేస్తారు. దాటాక మళ్లీ అందుకుంటారు. మంచాన పడ్డ మనిషి ఉన్నారని ఎవరైనా వచ్చి చెబితే డ్రమ్ము నెమ్మదిస్తుంది. ఈ మర్యాద మీటరు చూసి వచ్చింది కాదు. మేళగాళ్లు ఆ ఊరివాళ్లు కాబట్టి, ఎవరింట్లో ఏం జరిగిందో వాళ్లకు తెలుసు కాబట్టి వచ్చింది. ఎక్కడినుంచో అద్దెకొచ్చిన డీజే బండికి ఆ ఇల్లు ఏదో తెలియదు.

అందరికంటే దగ్గరున్న చెవులు

ఊరివాళ్లు గుమ్మంలో 5 నిమిషాలు వింటారు. పెళ్లివారు ఒక సాయంత్రం వింటారు. మేళంలో వాయించేవాళ్లు? మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం... ముహూర్తాలున్నన్నాళ్లూ వింటారు. ఒక ఊళ్లో ఎదురుకోలు, ఇంకో ఊళ్లో ఊరేగింపు, తెల్లవారుజామున మరోచోట సుముహూర్తం. ఆషాఢంలో, పుష్యంలో చెవులకు విశ్రాంతి దొరుకుతుంది. కానీ ఆ నెలల్లో చేతిలో డబ్బు ఉండదు.

శబ్దం చెవికి చేసే హాని రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా, ఎంతసేపు. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు గడపొచ్చు. అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమైపోతుంది. 88 దగ్గర 4 గంటలు. 91 దగ్గర 2 గంటలు. 94 దగ్గర ఒక గంట. 97 దగ్గర అరగంట. 100 దగ్గర పావుగంట. మేళం మధ్యలో సగటున 100 డెసిబెల్స్ ఉండి, ఊరేగింపు రెండు గంటలు సాగిందనుకోండి. ఒక రోజుకు చెవి భరించగల మోతాదుకి అది ఎనిమిదింతలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు ఇచ్చిన ప్రమాణం కూడా పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదనే చెబుతోంది. అది ఒక సాయంత్రం వినిపోయే ప్రేక్షకుడి కోసం పెట్టింది. రోజూ ఊదేవాడి కోసం కాదు.

చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణాలుంటాయి. మోతకి అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. మొదట పోయేది 4 వేల హెర్ట్జ్ పరిసరాల్లోని పై శ్రుతి. అందుకే వినికిడి పోతున్న సంగతి తొందరగా తెలియదు. మాట వినబడుతూనే ఉంటుంది, కానీ అందులో స, ష, త, ట లాంటి అక్షరాలు కలిసిపోతాయి. పదిమంది మాట్లాడుకునే చోట ఎవరేమన్నారో అర్థం కాదు. రాత్రి పడుకున్నాక చెవిలో కీచురాయి అరిచినట్టు హోరు. ‘ఊళ్లో అందరూ నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు’ అని విసుక్కునే నాటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. ఇక్కడ ఊదేవాడే ఆ చెవిటివాడిగా మారిపోతున్నాడు.

ఇది మన మేళాలకే ఉన్న కష్టం కాదు. లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో 2012లో వాగ్నర్ ఒపేరా సాధన జరుగుతుంటే ఓ వయోలా వాద్యకారుణ్ని ఇత్తడి వాయిద్యాల వరసకి సరిగ్గా ముందు కూర్చోబెట్టారు. ఒక దశలో శబ్దం 130 డెసిబెల్స్ దాటింది. ఆయన వినికిడి దెబ్బతింది, వాద్యం వదిలేయాల్సి వచ్చింది. 2018లో కోర్టు ఆయనవైపు తీర్పు చెప్పింది. ‘సంగీతమంటే మోత ఉంటుంది, తప్పదు’ అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. కర్మాగారంలో కార్మికుడి చెవికి ఉన్న హక్కే వాద్యకారుడికీ ఉందని తేల్చింది. ఐరోపాలో సంగీతకారుల్ని కూడా ఈ రక్షణ నిబంధనల్లోకి తెచ్చింది 2008లో.

మన దగ్గర మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు 8 గంటలకు 90 డెసిబెల్స్ అనే పరిమితి ఉంది. పెళ్లిమేళానికి ఫ్యాక్టరీ లేదు, యజమాని అంటూ ఒకరు లేరు. పోలీసు మీటరు కొలిచేది వీధిని. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసేది తమ నిద్ర గురించి. ట్రంపెట్ ముందు నిలబడ్డ క్లారినెట్ మనిషి చెవి దగ్గర మీటరు పెట్టేవాళ్లు ఎవరూ కనబడరు.

మోత తగ్గకుండానే...

మేళం ఆపేయమని ఎవరూ అనడం లేదు. ఆపేస్తే చెవులు బాగుపడతాయేమో, కడుపు మాడుతుంది. అసలే డీజేలొచ్చాక సగం బేరాలు పోయాయన్నది మేళాలవాళ్ల బాధ. కానీ లెక్క తెలిస్తే చిన్నచిన్న మార్పులు చాలా పని చేస్తాయి.

దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి కదా. ముందు వరసకీ వెనక ట్రంపెట్లకీ మధ్య ఒక మీటరు ఉన్నచోట రెండు మీటర్లు వదిలితే చాలు, ముందువాడి చెవికి భద్రంగా ఉండే సమయం నాలుగింతలవుతుంది. కూడలిలో గుండ్రంగా నిలబడే బదులు అర్ధచంద్రాకారంలో, మూతులు కాస్త పైకెత్తి ఊదితే ఎదురుగా ఒకరి చెవి ఉండదు. ఇరవైమంది బదులు పన్నెండుమందితో వాయిస్తే తగ్గేది 2 డెసిబెల్సే. మిగతా ఎనిమిదిమంది వంతులవారీగా విశ్రాంతి తీసుకోవచ్చు. పెళ్లివారికి తేడా కూడా తెలియదు.

చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలు మందుల షాపుల్లో దొరుకుతాయి. అవి పై శ్రుతుల్ని ఎక్కువ మింగేస్తాయి కాబట్టి నాదం మొద్దుబారినట్టు ఉంటుందని వాద్యకారులు ఇష్టపడరు. అన్ని శ్రుతుల్నీ సమానంగా తగ్గించే ప్రత్యేక బిరడాలు సంగీతకారుల కోసం 1980ల చివర్లోనే వచ్చాయి. 15 డెసిబెల్స్ తగ్గిస్తే 100 కాస్తా 85 అవుతుంది. పావుగంట భద్రత 8 గంటల భద్రతగా మారుతుంది. ఏడాదికోసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకుంటే 4 వేల హెర్ట్జ్ దగ్గర పడే గుంట ముందే దొరికిపోతుంది. సీజను అయిపోయాక ఆషాఢంలో ఆ పని పెట్టుకుంటే బేరమూ పోదు.

ఇక మేళాన్ని పిలిచేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. బేరం కుదుర్చుకునేటప్పుడు ‘ఎంతమంది వస్తారు? ఎన్ని గంటలు వాయిస్తారు?’ అని అడుగుతారు. ‘మధ్యలో ఎంతసేపు ఆపుతారు?’ అని కూడా అడగొచ్చు. ప్రతి పావుగంటకీ పది నిమిషాలు ఆగితే డబ్బు తగ్గించమని అడక్కుండా ఉంటే చాలు. ఆ పది నిమిషాల్లో సన్నాయి ఒక్కటే పలికినా పెళ్లికి వెలితి ఉండదు.

గట్టిమేళం ఒక్క నిమిషం. ఆ నిమిషానికి ఎంత మోతైనా ఉండనివ్వండి. దంపతులకు అశుభం వినబడకూడదు, అంతే. మేళం పట్టినవాళ్లకు మాత్రం ఇంటికెళ్లాక పిల్లలు పిలిస్తే వినబడాలి.

(బాక్సు)
ఫోనుతో కొలిచేవాళ్లకు...

* ఫోను మైకు మాట కోసం చేసింది. 100 డెసిబెల్స్ పరిసరాలకు వచ్చేసరికి చాలా ఫోన్లు చేతులెత్తేస్తాయి. అసలు మోత ఎక్కువున్నా అంకె అక్కడే ఆగిపోతుంది.
* నియోష్ సంస్థ 2017లో ఐఫోన్ల కోసం ఉచితంగా ఓ మీటరు యాప్ విడుదల చేసింది. కోర్టుకో పోలీసు ఫిర్యాదుకో మాత్రం పరీక్షించిన అసలు మీటరే కావాలి. ఆ మీటరుని కొలిచే ముందు 94 డెసిబెల్స్ పలికే చిన్న పరికరంతో సరిచూస్తారు.
* గోడకి ఆనుకుని నిలబడి కొలవొద్దు. తిరిగొచ్చిన శబ్దం కలిసిపోతుంది. మీటరు మనిషి ఛాతీ ఎత్తులో, ఒంటికి దూరంగా ఉండాలి.
* గాలి వీస్తుంటే మైకు మీద స్పాంజి తొడుగు తప్పనిసరి. సముద్రం దగ్గరి ఊళ్లలో అది లేకపోతే మేళం బదులు గాలినే కొలిచినట్టవుతుంది.
* ఒక్క క్షణం గరిష్ఠాన్ని కాదు, కనీసం పాట మొత్తానికి సగటు చూడండి.
* అంకె పక్కన మూడు సంగతులు రాసుకోండి: ఎంత దూరం, ఎంతసేపు, ‘ఎ’ అమరికా, ‘సి’ అమరికా. ఇవి లేని అంకెని ఎవరు చెప్పినా నమ్మొద్దు.